పాలసీసా కొనబోయే ముందు

"సిస్టర్, మంచి పాలసీసా ఏది కొనమంటారు?"

కాన్పు అయి ఇంటికి వెళ్ళే రోజున ఈ ప్రశ్న మాకు తరచుగా వినిపిస్తుంది. తల్లి సర్దుకుంటూ ఉంటుంది. అమ్మమ్మో, మేనత్తో బిడ్డను పొత్తిళ్ళలో పట్టుకుని మా బల్ల దగ్గరకు వచ్చి అడుగుతుంది.

కొన్నేళ్ళ క్రితం కంకిపాడు వైపు పల్లె నుండి వచ్చిన ఒక అమ్మమ్మ ఇలాగే అడిగింది. ఆ రోజు వార్డు నిండా జనం. నేను తల కూడా ఎత్తకుండా "ఏదో ఒక మంచి కంపెనీది తీసుకోండమ్మా" అన్నాను. ఐదు వారాల తర్వాత అదే బిడ్డను తీసుకొచ్చారు. రెండు రోజులుగా నీళ్ళ విరేచనాలు. కళ్ళు లోతుకు పోయాయి, మాడు గుంట పడింది, ఏడవడానికి కూడా ఓపిక లేదు. వాళ్ళ సంచిలో చాలా ఖరీదైన పాలసీసా ఉంది. దాని పీకను తిరగేసి చూశాను. లోపలి అంచున పాల మీగడ పేరుకుపోయి పుల్లటి వాసన వేసింది. డబ్బా పాలు నెలంతా రావాలని రెండు చెంచాల పొడి వేయవలసిన నీళ్ళలో ఒకటే వేస్తున్నారని మాటల్లో తెలిసింది.

వాళ్ళు బిడ్డ మీద ప్రేమ లేక అలా చేయలేదు. ఖరీదైన సీసా కొంటే సరిపోతుందనుకున్నారు. ఆ రోజు నేను నిలబడి చెప్పవలసిన జవాబును ఇప్పుడు మీకు వివరంగా చెబుతున్నాను.

మొదటి ప్రశ్న: సీసా నిజంగా అవసరమా?

పుట్టిన గంటలోపు ముర్రుపాలు పట్టాలి. ఆరు నెలలు నిండే వరకు తల్లిపాలు మాత్రమే ఇవ్వాలి. మంచినీళ్ళు కూడా అవసరం లేదు, మన విజయవాడ ఎండల్లో కూడా అవసరం లేదు. తల్లిపాలలోనే బిడ్డకు కావలసిన నీళ్ళు ఉంటాయి. ఆరు నెలల తర్వాత మెత్తని ఆహారం మొదలుపెట్టి, రెండేళ్ళ వరకు, ఆ తర్వాత కూడా తల్లిపాలు కొనసాగించవచ్చు.

"పాలు పడలేదు సిస్టర్", "పాలు సరిపోవడం లేదు, ఊరికే ఏడుస్తున్నాడు" అని చాలామంది సీసా కొంటారు. మొదటి రోజు బిడ్డ కడుపులో పట్టేది ఒక చిన్న చెంచా, చెంచాన్నర పాలు మాత్రమే. ఆ కొద్దిపాటి ముర్రుపాలే ఆ రోజుకు సరిపోతాయి. ఆపరేషన్ కాన్పు అయిన తల్లికి పాలు ఒకటి రెండు రోజులు ఆలస్యంగా రావచ్చు, కానీ వస్తాయి. బిడ్డ ఎంత ఎక్కువసార్లు చీకితే పాలు అంత ఎక్కువగా ఊరతాయి. సీసా అలవాటైన బిడ్డ రొమ్మును తక్కువ చీకుతాడు, అప్పుడు పాలు తగ్గుతాయి. పాలు తగ్గాయని సీసా పెంచుతారు. చివరకు తల్లికి నిజంగానే పాలు లేకుండా పోతాయి.

పాలు సరిపోతున్నాయో లేదో ఏడుపును బట్టి చెప్పలేం. ఈ గుర్తులు చూడండి:

- మొదటి వారం దాటిన తర్వాత రోజుకు కనీసం ఆరుసార్లు మూత్రం పోస్తుంటే పాలు అందుతున్నట్టే.
- పుట్టినప్పుడు ఉన్న బరువు మొదటి రోజుల్లో కొంచెం తగ్గి, రెండు వారాలకల్లా తిరిగి రావాలి.
- ఆ తర్వాత మొదటి నెలల్లో నెలకు కనీసం అరకిలో పెరగాలి. అంగన్‌వాడీలో తూకం వేయించి కార్డు మీద రాయించుకోండి.

ఈ గుర్తులు లేకపోతే సీసా కోసం బజారుకు వెళ్ళకండి. ముందు బిడ్డను తీసుకుని మా దగ్గరకు రండి. చాలాసార్లు బిడ్డను రొమ్ముకు పట్టుకునే తీరు సరిచేస్తే చాలు.

నిజంగా అవసరమైన వారు కూడా ఉంటారు. తల్లి లేని బిడ్డలు, తల్లి తీవ్రమైన జబ్బుతో ఉన్నవారు, నెలలు నిండకుండా పుట్టి చీకే బలం లేనివారు, తల్లి పనికి పోవలసిన ఇళ్ళు. వారి సంగతే ఇక చెబుతాను. తల్లికి జ్వరం వచ్చిందనో, మందులు వాడుతున్నదనో మీ అంతట మీరు పాలు మాన్పించకండి. డాక్టరుగారిని అడగండి.

సీసా కన్నా ముందు ఉగ్గుగిన్నె

మన ఇళ్ళలో వెనుకటి నుండి ఉన్న వస్తువు ఒకటుంది. అదే ఉగ్గుగిన్నె. కొందరి ఇంట్లో వెండిది, కొందరి ఇంట్లో స్టీలుది. చిన్న గిన్నెకు పక్షి ముక్కులాగా ఒక పక్క కొమ్ము ఉంటుంది. తమిళనాట దీన్ని పాలాడై అంటారు. నెలలు తక్కువ పిల్లలకు పిండిన తల్లిపాలు పట్టడానికి మన దేశంలో చాలా ఆసుపత్రులలో నర్సులు ఇదే వాడతారు.

దీని గొప్పతనం ఏమిటంటే పాలు దాక్కునే మూల లేదు. పీక లేదు, మర లేదు, సన్నని మెడ లేదు. వేలు పెట్టి తోమితే అంతా శుభ్రమవుతుంది. సీసాలో ఎంత బ్రష్షు పెట్టినా మర సందుల్లో, పీక అంచున కొంచెం పాలు మిగులుతాయి. ఆ మిగిలిన పాలలో, మన వేడికి కొన్ని గంటల్లోనే క్రిములు లక్షలుగా పెరుగుతాయి.

ఉగ్గుగిన్నెతో పట్టే పద్ధతి:

1. బిడ్డ మేలుకుని ఉండాలి. నిద్రమత్తులో పట్టకూడదు.
2. ఒడిలో తల పైకి ఉండేలా, సగం కూర్చున్నట్టు పట్టుకోండి. పూర్తిగా వెల్లకిలా పడుకోబెట్టకండి.
3. గిన్నె కొమ్మును కింది పెదవి మీద ఆనించి, పాలు పెదవులకు తగిలేంత వరకే వంచండి.
4. బిడ్డ తనంతట తాను నాలుకతో తీసుకుంటాడు. గొంతులో పోయకండి.
5. మింగిన తర్వాతే మళ్ళీ వంచండి. తల తిప్పుకుంటే ఆపేయండి.

మొదటి రెండు రోజులు కొంత కారిపోతుంది. కంగారుపడకండి, అలవాటవుతుంది. ఇంట్లో ఉగ్గుగిన్నె లేకపోతే చిన్న స్టీలు గిన్నె, చెంచా చాలు.

పెద్దవారికి ఒక మనవి. ఉగ్గుగిన్నె మంచిదే గాని అందులో పోసే ఉగ్గు వద్దు. పసిబిడ్డకు ఆముదం, వసకొమ్ము అరగదీసిన నీళ్ళు పట్టకండి. తేనె ఏడాది నిండే వరకు నాకించకూడదు. తేనెలో ఉండే ఒక రకం క్రిమి పసివారి పేగుల్లో పెరిగి నరాలను పడగొట్టే ప్రమాదం ఉంది.

సీసాయే కొనవలసి వస్తే

కంపెనీ పేరు కన్నా ఈ విషయాలు చూసి కొనండి.

ఆకారం: వెడల్పు మూతి, తిన్నని గోడలు ఉన్న సీసా తీసుకోండి. మీ చేతి బ్రష్షు అడుగు వరకు తగలాలి. వంపులు, పిడులు, లోపల గొట్టాలు, బొమ్మలు ఉన్నవి చూడడానికి ముద్దుగా ఉంటాయి. కడగడానికి మాత్రం కష్టం. ఎన్ని భాగాలుంటే అన్ని సందులు. చిన్న బిడ్డకు 125 మి.లీ. సీసా చాలు.

గుర్తులు: పక్కన మి.లీ. గీతలు స్పష్టంగా, చెరిగిపోకుండా ఉండాలి. పాలు పలచనవుతున్నాయో చిక్కనవుతున్నాయో తేల్చేది ఆ గీతలే.

గాజు: గీతలు పడదు, వాసన పట్టదు, ఎన్నిసార్లయినా మరిగించవచ్చు. బరువు ఎక్కువ, జారితే పగులుతుంది. వేడి సీసాను చన్నీళ్ళలో పెట్టకండి. అంచు చిట్లితే పారేయండి.

స్టీలు: పగలదు, మరిగించవచ్చు. లోపల ఎన్ని పాలున్నాయో బయటకు కనబడదు. నీళ్ళు విడిగా కొలిచి పోయాలి.

ప్లాస్టిక్: తేలిక, చవక. అడుగున ముక్కోణం గుర్తులో 5 అంకె గాని, పి.పి. అని గాని ఉన్నది పాలిప్రొపైలీన్. పాతరోజుల్లో గట్టి గాజులా మెరిసే పాలికార్బొనేట్ సీసాలు వచ్చేవి. వాటిలో బిస్ఫినాల్ ఎ అనే రసాయనం ఉంటుంది. మన దేశపు ప్రమాణాల్లో 2015 నుండి దాన్ని పాలసీసాలకు వాడకూడదు. కాబట్టి ఎవరో ఇచ్చిన, అటక మీద దాచిన పాత సీసాలు వాడకండి. కొత్తది కూడా లోపల గీతలు పడినా, మసకబారినా మార్చేయండి. క్రిములు ఆ గీతల్లోనే కూర్చుంటాయి.

ఇంకో సంగతి. మరిగే నీళ్ళు పోసినప్పుడు ప్లాస్టిక్ సీసాల నుండి కంటికి కనబడని ప్లాస్టిక్ రేణువులు పాలలోకి వస్తున్నాయని 2020లో ఐర్లండ్‌లోని ట్రినిటీ కాలేజీ పరిశోధకులు చూపించారు. అందుకని పాలు స్టీలు గ్లాసులో గాని, గాజు గ్లాసులో గాని కలిపి, చల్లారిన తర్వాత సీసాలో పోయండి.

పీక: రబ్బరు పీక మెత్తగా ఉంటుంది గాని మరిగిస్తూ ఉంటే త్వరగా ఉబ్బి జిగురుగా మారుతుంది. సిలికాన్ పీక ఎక్కువ రోజులు ఆగుతుంది, లోపలి మురికి కూడా కనబడుతుంది. సీసాను తలకిందులు చేస్తే పాలు చుక్క చుక్కగా పడాలి, ధార కట్టకూడదు. బిడ్డ తొందరగా తాగాలని సూది కాల్చి రంధ్రం పెద్దది చేసేవారిని చూశాను. అలా చేస్తే పాలు గొంతుకు అడ్డం పడతాయి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పీక ఉబ్బినా, చిరిగినా, రంగు మారినా ఆ రోజే మార్చండి.

ఐ.ఎస్.ఐ. గుర్తు: అట్టపెట్టె మీద ఈ గుర్తు ఉండి తీరాలి. ప్లాస్టిక్ సీసాకు ఐ.ఎస్. 14625, గాజు సీసాకు ఐ.ఎస్. 5168 అనే అంకెలు ఉంటాయి. సంతలో, బండి మీద గుర్తు లేకుండా అమ్మే సీసాలు కొనకండి.

మీకు తెలియవలసిన చట్టం

డబ్బా పాలు, పాలసీసాలు, పిల్లల ఆహారం గురించి మన దేశంలో 1992లో ప్రత్యేక చట్టం చేశారు. 2003లో దాన్ని ఇంకా గట్టి చేశారు. అంతకు ముందు 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇలాంటి నియమావళినే అన్ని దేశాలకూ ఇచ్చింది. కంపెనీలు ఆసుపత్రుల్లో ఉచితంగా డబ్బాలు పంచడం, తల్లులు సొంత పాలు మాన్పించడం, శుభ్రమైన నీళ్ళు లేని ఇళ్ళలో పిల్లలు విరేచనాలతో చనిపోవడం చాలా దేశాల్లో జరిగింది. అందుకే ఈ నియమాలు వచ్చాయి.

ఈ చట్టం ప్రకారం పాలసీసాలకు, డబ్బా పాలకు ఎక్కడా ప్రకటనలు ఇవ్వకూడదు. తల్లులకు ఉచిత నమూనాలు, బహుమతులు ఇవ్వకూడదు. పాలపొడి డబ్బా మీద పసిపాప బొమ్మ గాని, తల్లి బొమ్మ గాని వేయకూడదు. తల్లిపాలే శ్రేష్ఠమన్న మాట డబ్బా మీద ఉండాలి. ఐ.ఎస్.ఐ. గుర్తు లేని సీసా అమ్మడం నేరం. కంపెనీ నుండి కానుకలు తీసుకోకూడదన్న నియమం డాక్టర్లకు, మాలాంటి నర్సులకు కూడా వర్తిస్తుంది. కనుక ఎవరైనా సరే మీ చేతిలో ఉచితంగా సీసా గాని, డబ్బా గాని పెడితే తీసుకోకండి. ఆ ఒక్క డబ్బా అయిపోయేలోగా మీ పాలు తగ్గిపోతాయి. రెండో డబ్బా మీరే కొనుక్కోవాలి.

కడగడం, మరిగించడం

1. ముందుగా మీ చేతులు సబ్బుతో కడుక్కోండి.
2. బిడ్డ తాగిన వెంటనే సీసా విడదీసి చన్నీళ్ళతో తొలవండి. ఎండిపోతే పాలు అంటుకుపోతాయి.
3. సబ్బునీళ్ళు, బ్రష్షుతో లోపల, బయట, మర దగ్గర తోమండి. ఆ బ్రష్షు వేరే పనికి వాడకండి.
4. పీకను తిరగేసి లోపలి వైపు వేళ్ళతో రుద్ది, రంధ్రం గుండా నీళ్ళు పిండండి.
5. పెద్ద గిన్నెలో అన్ని భాగాలూ పూర్తిగా మునిగేలా నీళ్ళు పోసి, మూత పెట్టి, తెర్లడం మొదలైన తర్వాత 10 నిమిషాలు మరిగించండి. వేడినీళ్ళతో తొలిపితే మరిగించినట్టు కాదు.
6. వాడబోయే వరకు మూత తీయకండి. గుడ్డతో తుడవకండి.

ప్రతి పూటా ఇలా చేయాలి. పసిబిడ్డ రోజుకు ఎనిమిది సార్లు తాగితే ఎనిమిది సార్లూ శుభ్రమైన సీసాయే కావాలి. అంత ఓపిక, అంత గ్యాసు, అంత మంచినీరు మన ఇంట్లో ఉన్నాయా అని సీసా కొనే ముందే ఆలోచించుకోండి.

మన కృష్ణా డెల్టాలో నీళ్ళ సంగతి మీకు తెలియనిది కాదు. ప్రకాశం బ్యారేజి నుండి కాలువల్లో వచ్చిన నీటితో ఊరి చెరువులు నింపుకుని ఎండాకాలమంతా అవే తాగే ఊళ్ళు ఎన్నో ఉన్నాయి. సముద్రం వైపు పోతే బోరు నీళ్ళు ఉప్పన. పటిక వేస్తే మట్టి తేరుకుంటుంది గాని క్రిములు చావవు. కొన్న క్యాన్ నీళ్ళు కూడా మరిగించిన తర్వాతే బిడ్డ పాలకు వాడాలి.

2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్, ఆ చుట్టుపక్కల కాలనీలు మునిగిన సంగతి మనకు గుర్తుంది. చుట్టూ నీళ్ళే, తాగడానికి నీళ్ళు లేవు, కరెంటు లేదు. అలాంటి రోజుల్లో సీసాను మరిగించేదెక్కడ? తల్లిపాలు తాగే బిడ్డకు మాత్రం ఆహారం తల్లి దగ్గరే ఉంటుంది. ఆ తల్లికి కడుపునిండా తిండి, తాగడానికి నీళ్ళు అందేలా చూస్తే చాలు. తుపానులు, వరదలు వచ్చే మన ప్రాంతంలో ఈ మాట మరచిపోకూడదు.

పాలు కలపడం

డాక్టరుగారు డబ్బా పాలు రాసి ఇస్తే, డబ్బా మీద రాసిన కొలతే కొలత. ఆ డబ్బాలో వచ్చిన చెంచానే వాడండి. చెంచాకు తలకొట్టి సమంగా తీయండి, గోపురంలా వద్దు. ముందు నీళ్ళు కొలిచి పోసి తర్వాత పొడి వేయండి. పాలపొడిలో కూడా క్రిములు ఉండవచ్చు. లీటరు నీళ్ళు మరిగించి దించిన తర్వాత అరగంటలోపు, బాగా వేడిగా ఉండగానే పొడి కలిపితే అవి చస్తాయి. ఆ తర్వాత చల్లార్చి, మీ మణికట్టు మీద చుక్క వేసి చూసి పట్టండి. ఏ పూటకు ఆ పూట కలపండి. కలిపిన రెండు గంటల్లో వాడకపోతే పారబోయండి. బిడ్డ తాగి మిగిల్చినవి దాచకండి.

పలచన చేయకండి. ఇది అన్నిటికన్నా ముఖ్యం. నాలుగున్నర కిలోల బిడ్డకు రోజుకు సుమారు 650 నుండి 700 మి.లీ. పాలు కావాలి. ఆ లెక్కన 500 గ్రాముల డబ్బా ఐదారు రోజులకే అయిపోతుంది. నెలకు ఐదారు డబ్బాలు. ఆ ఖర్చు భరించలేకనే చాలా ఇళ్ళలో నీళ్ళు ఎక్కువ పోస్తారు. బిడ్డ కడుపు నిండుతుంది గాని ఒళ్ళు పట్టదు. నెల తిరిగేసరికి ఎముకలు తేలుతాయి. డబ్బు సరిపోదనిపిస్తే సిగ్గుపడకుండా మాకు చెప్పండి. ఆగిపోయిన తల్లిపాలను తిరిగి తెప్పించే ప్రయత్నం చేయవచ్చు, వేరే దారి కూడా డాక్టరుగారు చూపిస్తారు. ఆవు పాలు, గేదె పాలు ఆరు నెలల లోపు బిడ్డకు మీ అంతట మీరు మొదలుపెట్టకండి.

పనికి వెళ్ళే తల్లులకు

నాట్లకు పోయినా, దుకాణానికి పోయినా, ఆఫీసుకు పోయినా మీ పాలు బిడ్డకు అందించవచ్చు. చేతులు కడుక్కుని, మరిగించిన స్టీలు గిన్నెలో పాలు పిండి మూత పెట్టండి. చల్లని నీడలో నాలుగు గంటలు నిలవ ఉంటాయి. ఎండాకాలంలో అంతసేపు నమ్మకండి. ఫ్రిజ్‌లో అయితే 24 గంటలు. వాడేముందు పాల గిన్నెను వేడినీళ్ళలో ఉంచి నులివెచ్చన చేయండి, పొయ్యి మీద కాచకండి. అత్తగారు గాని, అమ్మ గాని ఉగ్గుగిన్నెతో పడతారు. ఇంటికి రాగానే, రాత్రిపూట రొమ్ము పట్టండి. అప్పుడు పాలు తగ్గవు.

సీసా పట్టేటప్పుడు

బిడ్డను ఎత్తుకునే పట్టండి. దిండుకు సీసా ఆనించి వదిలి వెళ్ళకండి, ఊపిరాడకపోవచ్చు. నోట్లో సీసాతో నిద్రపుచ్చితే వచ్చే పళ్ళు పుచ్చిపోతాయి, చెవిలో చీము పడుతుంది. పాలలో పంచదార, బిస్కెట్టు కలపకండి. తాగిన తర్వాత భుజాన వేసుకుని త్రేన్పు వచ్చే వరకు వీపు నిమరండి. ఏడాది వచ్చేసరికి సీసా మాన్పించి గ్లాసు అలవాటు చేయండి.

ఆలస్యం చేయకూడని గుర్తులు

- నీళ్ళ విరేచనాలు, తాగినదంతా వాంతి కావడం
- మాడు గుంట పడడం, కళ్ళు లోతుకు పోవడం
- ఆరేడు గంటలుగా మూత్రం పోయకపోవడం
- మందంగా పడి ఉండడం, పాలు చీకకపోవడం
- జ్వరం రావడం, లేదా ఒళ్ళు చల్లబడడం
- మలంలో రక్తం

వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లవారే వరకు ఆగకండి. 108కి ఫోను చేయండి. తల్లిపాలు ఆపకండి. దారిలో ఓ.ఆర్.ఎస్. నీళ్ళు ఉగ్గుగిన్నెతో కొంచెం కొంచెంగా పడుతూ తీసుకురండి. అప్పుడు కూడా సీసా వద్దు.

మొదట చెప్పిన ఆ బిడ్డ ఐదు రోజులు సెలైన్ మీద ఉండి కోలుకున్నాడు. ఆ ఐదు రోజులూ తల్లి చేత రెండు గంటలకొకసారి రొమ్ము పట్టించాం. మూడో వారానికి పాలు తిరిగి పడ్డాయి. ఇంటికి వెళ్ళేటప్పుడు ఆ అమ్మమ్మ మళ్ళీ నా బల్ల దగ్గరకు వచ్చింది. "సీసా సంగతి వద్దులే సిస్టరమ్మా, మా అమ్మ ఇచ్చిన వెండి ఉగ్గుగిన్నె బీరువాలో ఉంది, అవసరమైతే అదే తీస్తాను" అంది. ఆ రోజు నుండి ఎవరు ఈ ప్రశ్న అడిగినా కలం కింద పెట్టి జవాబు చెబుతున్నాను. మీరు కూడా అడగండి. ఎంత రద్దీగా ఉన్నా అడగండి.